ఓపెన్ డిగ్రీ ఎక్కడ చేయాలి? అంబేద్కర్, ఓయూ, ఇగ్నోలలో ఒకదాన్ని ఎంచుకునే ముందు

అడ్మిషన్ల నోటిఫికేషన్లు పడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, అంబేద్కర్‌లో చేరమంటారా, ఓయూ డిస్టెన్స్‌లోనా, ఇగ్నోలోనా? దేనికి వాల్యూ ఎక్కువ?" అంబేద్కర్ అంటే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఓయూ అంటే ఉస్మానియా, ఇగ్నో అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లో ఒక స్టడీ సెంటర్‌లో ఆదివారాలు పాఠాలు చెబుతుంటాను కాబట్టి తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ అడుగుతుంటారు. వాల్యూ సంగతికి వస్తే మూడింటిదీ ఒకటే. తేడా అంతా మీరు ఆ చదువు పూర్తి చేయగలరా లేదా అన్న దగ్గరే ఉంది. మీరు వెళ్లగలిగేంత దూరంలో క్లాసు జరుగుతోందా? పుస్తకం మీకు సులువుగా అర్థమయ్యే భాషలో ఉందా? ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి మనిషి ఉన్నాడా? ఈ మూడింటికీ అవునని జవాబు వచ్చే చోటే చేరమంటాను. సర్టిఫికెట్ మీద ఏ వర్సిటీ పేరు ఉంటుందన్నది ఆ తర్వాతి విషయం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాక కొందరు పుస్తకాలు పట్టుకుని సెంటర్‌కు వస్తారు. అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన కట్ట ఇచ్చినట్టే ఉంటుంది. ప్లాస్టిక్ తాడు మళ్లీ బిగించి కట్టి ఉంటుంది, పై పుస్తకం ఒక్కటే మొదటి రెండు మూడు పేజీల దగ్గర నలిగి ఉంటుంది. వాళ్లేం బద్ధకస్తులు కాదు. ఒకాయన మెడికల్ షాపులో రాత్రి పదింటి దాకా నిలబడి పనిచేస్తాడు. ఒకామె పిల్లలను స్కూలుకు పంపి కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. మొదటి పాఠం ఒంటరిగా మొదలుపెట్టారు, అర్థం కాని మాట దగ్గర ఆగారు, అడిగే దిక్కు లేక మూసేశారు. క్లాసుకు వచ్చే అలవాటున్నవాళ్లలో ఇలా ఆగిపోయేవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

అసలు డిస్టెన్స్ అవసరమా?

ఇంటర్ ఈ మధ్యే పాసై, పగలు కాలేజీకి వెళ్లే వీలున్న పిల్లలకు నేను దూరవిద్య సలహా ఇవ్వను. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో అప్లై చేసుకుంటే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సీటు దొరికే అవకాశం బాగానే ఉంటుంది. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు రెగ్యులర్ చదువుకే వర్తిస్తాయి, దూరవిద్యకు రావు. కాబట్టి "ఫీజు తక్కువ కదా" అని డిస్టెన్స్‌లో చేరిన పేదింటి విద్యార్థి లెక్క వేసుకుంటే రెగ్యులర్‌లో కంటే ఎక్కువే కట్టి ఉండొచ్చు. పైగా లైబ్రరీ, ల్యాబ్, తోటి విద్యార్థుల సాయం అన్నీ వదులుకున్నట్టే. పద్దెనిమిదేళ్ల వయసులో వాటి విలువ తక్కువది కాదు.

ఉద్యోగం మానలేనివాళ్లకు, ఇల్లు వదల్లేనివాళ్లకు, చదువు ఆగి చాలా ఏళ్లయినవాళ్లకు, మొదటి డిగ్రీ చేతిలో ఉండి ఇంకో సబ్జెక్టులో పీజీ కావాలనుకునేవాళ్లకు మాత్రం దూరవిద్యను మించినది లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్‌లో వర్సిటీలను నియంత్రించే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఒకటి రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతూ రెండోది దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయొచ్చు. బీకాం చదివే పిల్లవాడు తెలుగు సాహిత్యం మీద ఇష్టంతో బీఏ కూడా చదువుకోవచ్చన్నమాట.

ఇంటర్ లేనివాళ్లు ముందు ఇంటర్ పూర్తి చేసుకోవాలి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా ఇంట్లో ఉండే పరీక్షలు రాయొచ్చు. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ అనే ఓపెన్ స్కూల్ ఉంది. ఇంటర్ లేకుండానే డిగ్రీ ఇప్పిస్తామని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

గుర్తింపు గురించి టెన్షన్ పడేవాళ్లకు

యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2020లో వచ్చిన యూజీసీ నిబంధనల్లో ఈ మాట ఉంది, 2022 సెప్టెంబరులో యూజీసీ దీన్నే మరోసారి స్పష్టం చేసింది. గ్రూప్స్ నోటిఫికేషన్లలో చాలా పోస్టులకు అడిగేది గుర్తింపు పొందిన వర్సిటీ డిగ్రీ. అది కాలేజీకి వెళ్లి చదివిందా, ఇంట్లో ఉండి చదివిందా అన్నది అడ్డు కాదు. "ఓపెన్ డిగ్రీ అంటే ఉద్యోగం రాదు" అనే మాట ఇంకా బంధువుల ఇళ్లలో వినిపిస్తుంది. ఆ మాటకు భయపడి చదువు మానుకున్నవాళ్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే ఒకటి సరిచూసుకోవాలి. వర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, మీరు చేరబోయే కోర్సుకు ఆ సెషన్‌లో అనుమతి ఉండటం వేరు. దూరవిద్య కోర్సులను యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, అంటే డీఈబీ, చూసుకుంటుంది. ఏ వర్సిటీలో ఏ కోర్సుకు ఏ ఏడాది అనుమతి ఉందో ఆ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. మీ కోర్సు పేరు కనబడే పేజీని ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, పదేళ్ల తర్వాత వెరిఫికేషన్ అప్పుడు పనికొస్తుంది. ఇప్పుడు చేరే ప్రతి ఒక్కరికీ డీఈబీ ఐడీ కావాలి. దానికంటే ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, అంటే ఏబీసీ ఐడీ, తీసుకోవాలి. పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లు జమ అయ్యే ఖాతా అది. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా లేకపోతే ఆ తేడా ఇక్కడే అడ్డం పడుతుంది. చివరి రోజు దాకా ఆగకుండా ముందే సరిచేయించుకోండి.

హైదరాబాదే దీనికి పుట్టిల్లు

మన ముందున్న ఈ మూడు దారులూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. ఓయూలో కరస్పాండెన్స్ కోర్సులు 1977లో మొదలయ్యాయి. 1982 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. 1985లో పార్లమెంటు చట్టంతో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే అయ్యారు, ఆ తర్వాత యూజీసీ ఛైర్మన్‌గా పనిచేశారు. 1991లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఓయూ దూరవిద్య కేంద్రానికి ఇప్పుడు రామ్‌రెడ్డి గారి పేరే ఉంది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. అప్పటి ప్లాన్‌లో ఒక లెక్క ఉంది. ఓపెన్ యూనివర్సిటీ సొంతంగా కాలేజీలు కట్టదు. ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే స్టడీ సెంటర్ పెడుతుంది. వారమంతా ఆ గదుల్లో రెగ్యులర్ పిల్లలు కూర్చుంటారు, ఆదివారం అవే బెంచీల మీద ఉద్యోగులు, గృహిణులు కూర్చుంటారు, అక్కడి లెక్చరర్లే పాఠం చెబుతారు. అంత తక్కువ ఖర్చుతో జిల్లాల దాకా డిగ్రీ వెళ్లింది ఆ లెక్క వల్లే. కాబట్టి మీరు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కూడా ఆ బెంచీలనే.

అంబేద్కర్ ఓపెన్

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. ప్రధాన కార్యాలయం జూబ్లీహిల్స్‌లో ఉంటుంది కానీ మీకు దానితో పని తక్కువ, మీ పని అంతా స్టడీ సెంటర్‌తోనే. తెలుగులో పుస్తకాలు దీని అసలు బలం. దూరవిద్య కోసమే రాయించిన పాఠాలు కాబట్టి పక్కన టీచర్ లేకపోయినా చదవడానికి వీలుగా విడగొట్టి ఉంటాయి. మొదట ఉద్దేశం, మధ్యమధ్యలో మీరు ఎంత గ్రహించారో చూసుకునే ప్రశ్నలు, చివర మాదిరి ప్రశ్నలు ఉంటాయి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్ల దగ్గర తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన ఈ పుస్తకాలు కనబడటం యాదృచ్ఛికం కాదు. చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన తెలుగులో ఇంత వరసగా దొరికేది చాలా తక్కువ చోట్ల.

గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతూ డిగ్రీ కావాలనుకునేవాళ్లకు ఇక్కడ బీఏ చేయడం రెండు పనులు ఒకేసారి చేసుకోవడమే. ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు సిలబస్ పక్కన పెట్టుకుని చూడండి. సులువని ఎవరో చెప్పిన సబ్జెక్టు తీసుకుంటే పరీక్ష సులువవుతుందేమో, రేపటి ప్రిపరేషన్‌కు పనికిరాదు.

బీఎస్సీ ఆలోచన ఉంటే ఇంకాస్త జాగ్రత్త. సైన్సులో ప్రాక్టికల్స్ తప్పనిసరి, అవి అన్ని సెంటర్లలో జరగవు. మీ కాంబినేషన్‌కు ల్యాబ్ ఏ సెంటర్‌లో ఉంది, ప్రాక్టికల్స్ వరసగా పెడతారా, విడివిడి ఆదివారాల్లో పెడతారా అని అడగండి. వరసగా పెడితే ఆఫీసులో సెలవు దొరుకుతుందా అన్నది మీరు తేల్చుకోవాలి. బీఈడీ కావాలంటే దానికి వేరే ప్రవేశ పరీక్ష, వేరే అర్హతలు ఉంటాయి, మామూలు డిగ్రీ అడ్మిషన్‌తో కలిపి చూడకండి.

సెంటర్ ఎంచుకోవడంలో చాలామంది ఆఫీసుకు దగ్గరగా ఉన్నది పెట్టుకుంటారు. క్లాసులు ఆదివారం కదా, ఆఫీసుకు దగ్గరైతే ఏం లాభం? ఇంటికి దగ్గరగా ఉన్నది పెట్టుకోండి. ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఒకే బస్సులో వెళ్లగలిగే సెంటర్ అయితే ఇంకా మంచిది. రెండు బస్సులు మారాల్సి వస్తే మూడో ఆదివారానికే మానేయాలనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకునేవాళ్లకు ఒక మాట. ఈ వర్సిటీ 2014 విభజన చట్టంలోని పదో షెడ్యూల్‌లో, అంటే ఉమ్మడి రాష్ట్రపు సంస్థల జాబితాలో, ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మన ఊళ్లో సెంటర్ ఉండేదన్న గుర్తుతో చేరకండి. రాష్ట్ర వర్సిటీ దూరవిద్యను తన రాష్ట్రం హద్దుల్లోనే నడపాలన్నది యూజీసీ నియమం. రెండేళ్లలో ఊరికి వెళ్లిపోయే ఆలోచన ఉంటే కింద చెప్పే ఇగ్నో మీకు నప్పుతుంది.

ఇగ్నో

ట్రాన్స్‌ఫర్లు అయ్యే ఉద్యోగులు, మిలిటరీలో ఉన్నవాళ్లు, రైల్వే, బ్యాంకు ఉద్యోగులు, ఇంగ్లీషులోనో హిందీలోనో చదవడం రాయడం అలవాటున్నవాళ్లు ఇగ్నో చూడండి. దేశమంతటా పనిచేసే వర్సిటీ కాబట్టి ఊరు మారితే రీజనల్ సెంటర్ మార్చుకోవచ్చు, పరీక్ష కేంద్రాన్ని ఫారం నింపేటప్పుడు ఎంచుకోవచ్చు. హైదరాబాద్ రీజనల్ సెంటర్ మాదాపూర్ దగ్గర కావూరి హిల్స్‌లో ఉంది. ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై సెషన్లలో అడ్మిషన్లు ఉంటాయి. పరీక్షలు కూడా జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి.

పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నీ ఈజ్ఞాన్‌కోశ్ అనే సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఇది పెద్ద సదుపాయం, చేరక ముందే వాడుకోండి. మీరు చేరాలనుకుంటున్న కోర్సు మొదటి పుస్తకం తెరిచి, ఒక రాత్రి కూర్చుని ఒక పాఠం చదవండి. నిఘంటువు పట్టుకోకుండా సాగితే చేరండి. ప్రతి పేరా దగ్గరా ఆగాల్సి వస్తే మీకు తెలుగు పుస్తకం ఉన్న చోటే నయం. ఇంగ్లీషు మీడియం డిగ్రీ అయితే గొప్పగా ఉంటుందని చేరి, ఆగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇగ్నోలో ఎక్కువమంది దెబ్బతినేది అసైన్‌మెంట్ల దగ్గర. మామూలుగా ఒక్కో పేపర్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంటుకు, 70 శాతం పరీక్షకు ఉంటాయి, రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి. అసైన్‌మెంటు చేత్తో రాయాలి. ప్రశ్నపత్రం ఆ ఏడాదిదే ఉండాలి, పాత ఏడాది ప్రశ్నలు రాసి ఇస్తే లెక్కలోకి రావు. పై కాగితం మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ రాయాలి, ఒక్క అంకె తప్పినా మీ మార్కులు ఎక్కడ తేలతాయో తెలియదు. ఇచ్చేటప్పుడు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, అందినట్టు రసీదు తీసుకోండి. అన్ని పరీక్షలూ పాసై, ఒకే ఒక్క అసైన్‌మెంటు మార్కు ఎక్కక సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్ల కష్టం చూశాక ఈ రసీదు సంగతి ఎవరికైనా రెండుసార్లు చెప్పడం నాకు అలవాటైంది.

ఇంకో మంచి సంగతి కూడా ఉంది. మొదటి ఏడాది సబ్జెక్టులు మిగిలిపోయినా ఫీజు కట్టి రెండో ఏడాదికి రీ-రిజిస్టర్ చేసుకోవచ్చు. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువు ఉంటుంది. కాన్పు, బదిలీ, ఇంట్లో అనారోగ్యం లాంటివి మధ్యలో వచ్చినా చదువు పోదు. కానీ పరీక్ష ఫీజు పేపర్ల లెక్కన కట్టాలి. మిగిలిన పేపర్లు పెరిగేకొద్దీ ఆ ఖర్చు కూడా పెరుగుతుంది.

ఓయూ డిస్టెన్స్

ఓయూ పేరు మీద మమకారం ఉన్నవాళ్లు ఎక్కువ, అందులో తప్పు లేదు. 1918లో పెట్టిన వర్సిటీ, ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ చదివే ఉంటారు. నా దృష్టిలో దీన్ని పీజీకి చూడటం మంచిది. క్యాంపస్‌లోనే డిపార్ట్‌మెంట్లు ఉన్న వర్సిటీ కాబట్టి ఎంఏ, ఎంకాం చదివేవాళ్లకు సబ్జెక్టు బాగా తెలిసిన అధ్యాపకులు ఆ నేల మీదే ఉంటారు. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్ అర్హత గానీ, ఓయూ దూరవిద్య కేంద్రమే పెట్టే ప్రవేశ పరీక్ష గానీ ఉంటుంది. తార్నాక, ఉప్పల్, విద్యానగర్, హబ్సిగూడ వైపు ఉండేవాళ్లకు రావడం, పోవడం సులువు. పటాన్‌చెరు నుంచి ప్రతి ఆదివారం వస్తామంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

డిగ్రీకి అయితే చేరే ముందు మీ గ్రూపుకు పుస్తకం ఏ భాషలో ఇస్తారు, పరీక్ష ఏ భాషలో రాయొచ్చు అని విడివిడిగా అడగండి. ఈ రెండూ ఒకటే అనుకుని ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

మిగతా దారులు

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. 1998లో పార్లమెంటు చట్టంతో వచ్చిన కేంద్రీయ వర్సిటీ. పాతబస్తీ అమ్మాయిలకు ఇది నిజంగా పెద్ద అండ. డిగ్రీ అయిపోయి ఏదైనా ఒక విషయంలో పీజీ డిప్లొమా చాలనుకునేవాళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దూరవిద్య కేంద్రాన్ని, చట్టానికి సంబంధించిన డిప్లొమాలకు శామీర్‌పేటలోని నల్సార్‌ను చూడొచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం గురించి అడుగుతుంటారు. అది డిగ్రీ ఇవ్వదు, విడి కోర్సులు ఇస్తుంది. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి రాయాలి. వర్సిటీ ఒప్పుకుంటే 40 శాతం దాకా క్రెడిట్లు అలా తెచ్చుకోవచ్చని యూజీసీ నియమం. మీ వర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుంటుందో లేదో ముందు రాతపూర్వకంగా తెలుసుకుని, తర్వాత ఫీజు కట్టండి. పూర్తి ఆన్‌లైన్ డిగ్రీలు కూడా వచ్చాయి. లాప్‌టాప్, నెట్, ఇంట్లో ఒక తలుపు వేసుకునే గది, చెప్పేవాళ్లు లేకపోయినా చదువుకునే అలవాటు, ఈ నాలుగూ ఉన్నవాళ్లకు అవి బాగుంటాయి. ఒకే ఫోన్‌ను పిల్లలతో పంచుకునే ఇంట్లో ఆన్‌లైన్ డిగ్రీ సాగడం కష్టం.

దూరవిద్యలో దొరకనివి

ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, అగ్రికల్చర్, ఎల్ఎల్‌బీ దూరవిద్యలో లేవు. పీహెచ్‌డీ కూడా లేదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ లాంటివి 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఆపాలని యూజీసీ చెప్పింది. నెట్‌లో పాత ప్రాస్పెక్టస్ చూసి ఆశపడకండి. అనుమతి లేని కోర్సు ఎంత దెబ్బ తీస్తుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో చాలామందికి తెలిసింది. కొన్ని డీమ్డ్ వర్సిటీలు సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలు చెల్లవని ఆ తీర్పు చెప్పింది. అప్పటికే ఆ డిగ్రీలతో ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లున్నారు.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద, కరెంటు స్తంభాల మీద కనబడే "వన్ సిట్టింగ్ డిగ్రీ" కాగితాల జోలికి వెళ్లకండి. ఒకే ఏడాదిలో మూడేళ్ల డిగ్రీ అనేది లేదు. దూరవిద్యను ఫ్రాంచైజీలకు ఇవ్వడం యూజీసీ నిషేధించింది, కాబట్టి మధ్యలో నిలబడి "మేమే సెంటర్" అనే కన్సల్టెన్సీ ఏదైనా మీకు అక్కర్లేదు. ఫీజు వర్సిటీ పోర్టల్‌లోనే, మీ చేత్తోనే కట్టండి. నకిలీ సర్టిఫికెట్ ఉద్యోగం పోగొట్టడంతో ఆగదు, కేసు దాకా తీసుకెళుతుంది.

రాష్ట్రం కూడా ఎంచుకోవాలి

ఇంత దూరం చదివినవాళ్లకు ఒక సందేహం వచ్చి ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇన్ని దారులుంటే, ములుగులోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న అమ్మాయికి ఎన్ని ఉన్నాయి? ఇది విద్యార్థి చేసే ఎంపిక కాదు, రాష్ట్రం చేయాల్సిన ఎంపిక. రాష్ట్రం ముందు కూడా మూడు దారులే కనబడుతున్నాయి.

మొదటిది, దూరవిద్య అంతా ఓపెన్ యూనివర్సిటీకి అప్పగించడం. ఒకే పుస్తకం, ఒకే పరీక్ష, 33 జిల్లాల్లో ఒకే నెట్‌వర్క్. ఖర్చు తక్కువ, తెలుగు పుస్తకం గట్టిగా ఉంటుంది. కానీ ఓపెన్ యూనివర్సిటీల్లో సొంత అధ్యాపకులు తక్కువగా ఉంటారు, పాఠం చెప్పేది ఆతిథ్యం ఇచ్చే కాలేజీ లెక్చరర్లు. ఆ కాలేజీలో పోస్టులు ఖాళీగా ఉంటే ఆదివారం క్లాసు కూడా ఖాళీయే. రెండోది, ఇప్పుడున్నట్టు ప్రతి వర్సిటీ తన దూరవిద్య కేంద్రం నడుపుకోవడం. సబ్జెక్టు బలం, ల్యాబులు వర్సిటీల్లో ఉంటాయి నిజమే. కానీ అందరూ అవే బీఏ, బీకాం, ఎంబీఏ పెడతారు, విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఊళ్లలోనే పెడతారు, ఎవరి పుస్తకాలు వాళ్లే అచ్చేస్తారు.

నేను కోరుకునేది మూడోది, పని పంచుకోవడం. డిగ్రీ స్థాయి తెలుగు పుస్తకాలు ఓపెన్ యూనివర్సిటీ రాయాలి, అన్ని వర్సిటీల విద్యార్థులూ వాడుకోవాలి. పీజీ, ప్రాక్టికల్స్ ఓయూ, కాకతీయ లాంటి వర్సిటీలు చూసుకోవాలి. స్టడీ సెంటర్ మాత్రం ఏ వర్సిటీదని కాకుండా అందరిదీ కావాలి. నిజామాబాద్‌లో ఓయూ విద్యార్థి, అంబేద్కర్ విద్యార్థి ఒకే గదిలో కూర్చుని ఒకే లెక్చరర్ దగ్గర ఆర్థికశాస్త్రం వినడానికి అడ్డేముంది? ఏబీసీ ఐడీ వచ్చాక క్రెడిట్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడానికి కావాల్సిన ఏర్పాటు ఉంది. టీ-శాట్ ఛానళ్లు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి, పాఠం ప్రసారం చేయడానికి కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు. 2035 నాటికి ఉన్నత విద్యలో చేరికల నిష్పత్తిని 50 శాతానికి చేర్చాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యానికి కొత్త భవనాలు మాత్రమే సరిపోవు, సాయంత్రం, ఆదివారం తెరిచి ఉండే పాత భవనాలు కూడా కావాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే నేను యాప్ కంటే ముందు కౌన్సెలర్, అంటే స్టడీ సెంటర్‌లో పాఠం చెప్పే లెక్చరర్, గౌరవవేతనం మీద పెట్టమంటాను. టీవీలో పాఠం వినొచ్చు. "సార్, ఈ లెక్కలో ఈ మూడో మెట్టు ఎట్లా వచ్చింది?" అని టీవీని అడగలేం. ఆదివారం సెలవు మానుకుని వచ్చే లెక్చరర్‌కు సమయానికి డబ్బు అందితే క్లాసు జరుగుతుంది, క్లాసు జరిగితే పుస్తకాల కట్ట విప్పుతారు. పరీక్షల తేదీలు కూడా ఉన్నత విద్యామండలి స్థాయిలో కూర్చుని వేసుకోవాలి. దూరవిద్య పరీక్ష రోజే పోటీ పరీక్ష పడితే నష్టపోయేది ఉద్యోగం కోసమే డిగ్రీ చదువుతున్న మనిషి.

చేరే వారం చేయాల్సినవి

ఫీజు కట్టక ముందు ఒక ఆదివారం మీరనుకున్న సెంటర్‌కు వెళ్లండి. క్లాసు నిజంగా జరుగుతోందా చూడండి, వెనక బెంచీలో కూర్చోనిస్తారేమో అడగండి. అక్కడ చదువుతున్నవాళ్లలో ఇద్దరితో మాట్లాడితే ప్రాస్పెక్టస్‌లో లేని సంగతులు తెలుస్తాయి: పుస్తకాలు ఎప్పుడు వచ్చాయి, హాల్ టికెట్ల దగ్గర ఏమైనా ఇబ్బందులున్నాయా, సందేహం అడిగితే విసుక్కోకుండా చెప్పే లెక్చరర్ ఎవరు. ఆ లెక్చరర్ చెప్పే సబ్జెక్టు మీకు ఇష్టమైనదైతే ఇంకేం చూడనక్కర్లేదు, చేరిపోండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్, టీసీ, ఫోటోలు, ఆధార్ పట్టుకెళ్లండి, కుల ధృవీకరణ పత్రం ఉంటే అది కూడా. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. తీసుకుని పెట్టుకుంటామంటే ఎందుకో అడిగి, రాసిచ్చిన రసీదు తీసుకోండి.

ఆఖరి తేదీ దాటిపోయిందని కంగారుపడి ఏజెంటు దగ్గరకు వెళ్లకండి. ఇగ్నోలో ఇంకో సెషన్ ఆరు నెలల్లో వస్తుంది. అంబేద్కర్, ఓయూ కూడా చాలాసార్లు ఆలస్య రుసుముతో గడువు పొడిగిస్తాయి, వాళ్ల వెబ్‌సైట్లు వారానికోసారి చూస్తుండండి. ఈలోగా ఈజ్ఞాన్‌కోశ్‌లో మీ సబ్జెక్టు మొదటి పుస్తకం మొదలుపెట్టొచ్చు, దానికి అడ్మిషన్ అక్కర్లేదు.